చమ్కీ విన్న మాట

ఎలీసబెతు నిద్ర లేచిందంటే అక్కన్నపేట రోడ్డు చివర ఉన్న ఇళ్ళన్నీ నిద్ర లేచినట్టే. ఆమె ఎవరినీ పనిగట్టుకుని లేపదు. తన ఇంట్లో వాళ్ళతో మామూలుగా మాట్లాడుతుంది, అంతే. ఆ మామూలు గొంతే అలాంటిది. సర్కారు దవాఖానాలో నర్సుగా ఉన్న రోజుల్లో ఆమె కాన్పుల గదిలో ‘ముక్కు బిడ్డా’ అని అరిస్తే, బయట బెంచీ మీద కూర్చున్న మొగుళ్ళు కూడా ముక్కేవారని హుస్నాబాద్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. రిటైరయ్యాక కూడా అందరూ సిస్టరమ్మ అనే పిలుస్తారు. ఆ గొంతుకి ఇప్పుడు మిగిలింది మొగుడు తోమాసు, కూతురు మహిమ, పెరటి వెనక జాగాలో మూడు గుర్రాలు.

తోమాసు లాంటి ఆర్టీసీ డ్రైవరు ఇంట్లో గుర్రాలేమిటని మొదట్లో చర్చిలో కూడా నవ్వారు. మహిమ డిగ్రీ అయ్యాక హైదరాబాద్‌లో గుర్రపు స్వారీ నేర్పే చోట ఉద్యోగానికి చేరింది. అక్కడికి వచ్చే పిల్లల్లో తల్లిదండ్రులకి కొరుకుడు పడని వాళ్ళు, ఫోను వదలని వాళ్ళు, నలుగురిలో తలెత్తని వాళ్ళు గుర్రం పక్కన మెల్లమెల్లగా మనుషుల్లో పడటం చూసింది. మన దగ్గరి పిల్లలేం పాపం చేశారని, అక్కడ వయసు మళ్ళిన రెండు గుర్రాల్ని అడిగి తెచ్చుకుని ఇంటికి వచ్చేసింది. వాటి పేర్లు రాజు, బుల్లెట్. ఎలీసబెతు వారం రోజులు కూతురితో మాట్లాడలేదు. ఆమె మాట్లాడకపోవడమంటే ఏమిటో ఆ వీధి వాళ్ళకి అప్పుడే తెలిసింది.

తర్వాత ఆమె మనసు మార్చింది ఆడపిల్లల హాస్టల్ నుంచి శనివారం శనివారం వచ్చే పిల్లలు. మహిమ వాళ్ళని వెంటనే గుర్రం ఎక్కించేది కాదు. ముందు పేడ ఎత్తాలి, బ్రష్షుతో ఒళ్ళు రుద్దాలి, గిట్టల్లో ఇరుక్కున్న మట్టి తీయాలి, తాడు పట్టుకుని నడిపించాలి. అందరితో కొట్లాడే ఒక పిల్ల కోపంగా పోయి కాలెత్తమంటే బుల్లెట్ ఎత్తేది కాదు. ఆ పిల్ల ఊపిరి పీల్చుకుని, కాసేపు ఆగి, మళ్ళీ మెల్లగా అడగడం నేర్చుకుంది. హాస్టల్లో కూడా ఇప్పుడు అట్లాగే అడుగుతోందని వార్డెన్ వచ్చి చెప్పింది. ఆ మాట ఎలీసబెతు చర్చి ఆడవాళ్ళ కూటంలో ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. చెప్పిన ప్రతిసారీ ఆ పిల్ల ఇంకొంచెం కోపిష్టిగా, బుల్లెట్ ఇంకొంచెం పొడుగ్గా తయారయ్యేవారు.

మూడోది చమ్కీ. తెల్లటి ఆడగుర్రం. ఆసిఫాబాద్ దిక్కున పెళ్ళి బరాతుల్లో తిరిగి తిరిగి, ఇంక రాత్రంతా నిలబడే ఓపిక లేక, యజమాని వదిలించుకుంటుంటే ఎండాకాలం మొదట్లో మహిమ తెచ్చింది. టపాసులకి బెదరదు, పిల్లలంటే ప్రాణం. ఎలీసబెతుకి దాని మీద మొదటి రోజు నుంచే మక్కువ. ఇంటి ఆడపిల్లని పిలిచినట్టు ‘రాయే, తినే’ అని పిలిచేది. బెల్లం ముక్క పట్టుకుని ‘ఆగే, జర ఆగే’ అంటే అది ఆగకుండా విసవిసా నడిచొచ్చి చెయ్యి నాకేది. మాట వినదు, అచ్చం మా ఇంటి ఆడపిల్లలాగే మొండిదని ఆమె మురిసిపోయేది.

ఆ ఎండాకాలమే మనవరాలు మమతారాణి కూడా వచ్చింది. పెద్దకొడుకు స్టీఫెన్ పెద్దపల్లిలో బియ్యం మిల్లు మేనేజరు, కోడలు అక్కడే టీచరు. పిల్ల పదో తరగతి పరీక్షలు రాసింది. మంచి మార్కులే వస్తాయి. కానీ నోట్లోంచి మాట రాదు. బళ్ళో తోటి పిల్లలు దానికి ‘సైలెంట్ మోడ్’ అని పేరు పెట్టారు. ఎవరైనా ఏ క్లాసు బిడ్డా అంటే స్టీఫెన్ చెప్పేవాడు. ఏం తింటావంటే స్టీఫెన్ చెప్పేవాడు. ప్రేమ లేక కాదు. కూతురు మాట కోసం తడుముకుంటుంటే చూడలేక ఆ మాటేదో తనే అందించేవాడు. అందించీ అందించీ ఆ పిల్లకి మాటతో పని లేకుండా చేశాడు. జూన్‌లో హైదరాబాద్‌లో ఇంటర్ హాస్టల్లో సీటు కూడా తనే ఖాయం చేశాడు.

మహిమ మేనకోడలికి ఏ నీతులూ చెప్పలేదు. చమ్కీ తాడు చేతికిచ్చి, అదిగో ఆ వేపచెట్టు దాకా తీసుకెళ్ళమంది. మమత లాగింది. చమ్కీ కదల్లేదు. ఇంకా లాగింది. అది తోక ఊపి గడ్డి వంక చూసింది.

“నువ్వు యాడికి పోవాల్నో నీకే తెల్వకపోతే దానికెట్ల తెలుస్తది?” అంది మహిమ నవ్వుతూ. “ముందు నువ్వు నిర్ణయం చేసుకో. చేసుకున్నంక నడువు. ఎనక్కి చూడకు.”

మొదటి వారమంతా ఎనక్కి చూసింది. తర్వాత ఒకరోజు చూడలేదు. చమ్కీ ఆమె భుజం వెనకే బుద్ధిగా నడిచింది. వంటింటి మెట్ల మీద నుంచి చూస్తున్న ఎలీసబెతు ఉండబట్టలేక ‘శాబాష్ బిడ్డా’ అని అరిచింది. మహిమ వేలు పెదవి మీద పెట్టి తల్లిని వారించింది. ఆ జాగాలో మహిమ పెట్టిన నియమం ఒక్కటే. తాడు ఎవరి చేతిలో ఉంటే గుర్రంతో వాళ్ళే మాట్లాడాలి, మిగతావాళ్ళు నోరు కట్టుకోవాలి. హాస్టల్ పిల్లలు, తోమాసు, ఆఖరికి కంచె బయటి కుక్కలు కూడా ఆ నియమం పాటించాయి. పాటించనిది ఒక్క ఎలీసబెతే. తన ఇంట్లో తను నోరు మూసుకోవడమేమిటని ఆమె వాదన.

ఆ శనివారం పొద్దున అన్నీ ఎప్పటిలాగే మొదలయ్యాయి. హాస్టల్ పిల్లలు గోడ మీద వరసగా కూర్చున్నారు. మమత చమ్కీ మీద కూర్చుని కంచె లోపల మెల్లగా తిరుగుతోంది. మహిమ అవతలి మూలన బుల్లెట్ గిట్టలో రాయిని ఒక పిల్లచేత తీయిస్తోంది. ఎలీసబెతు మెట్ల మీద మామిడికాయలు కోస్తోంది. మమత చున్నీ జారితే సర్దుకోవడానికి పక్కకి వంగింది. ఎలీసబెతు కంటికి పిల్ల పడిపోతున్నట్టే కనిపించింది.

“ఆగే” అని ఒక్క కేక పెట్టింది.

చమ్కీ అడుగు పెంచింది. ఎలీసబెతు కత్తిపీట వదిలి లేచి, ఆగే చమ్కీ ఆగే అని ఇంకా గట్టిగా అరిచింది. అది పరుగందుకుంది. తోమాసు గేటు వేయడానికి ఉరుకుతూ తనూ ఆగే అన్నాడు. గోడ మీది పిల్లలు అన్నారు. పక్కింటి పోశవ్వ దండెం దగ్గరి నుంచి అంది. మహిమ రెండు చేతులూ ఎత్తి అందర్నీ ఊరుకోమని అరుస్తోంది కానీ ఆ గోలలో ఎవరు వింటారు? తోమాసు చేరేలోపే చమ్కీ గేటు దాటి రోడ్డెక్కింది. పోశవ్వ వాళ్ళు ఇల్లు కట్టడానికి పోయించిన ఇసక కుప్ప మీద మమత పడింది. ఇసక కాబట్టి ప్రాణం నిలిచింది. ఎడమ మణికట్టు మాత్రం విరిగింది. అందరూ మాట పడిపోయి పిల్ల వైపు పరుగెత్తేసరికి చమ్కీ తనంతట తనే ఆగి, వెనక్కి తిరిగొచ్చి, పడ్డ పిల్ల పక్కన తలొంచి నిలబడింది.

కరీంనగర్‌లో కట్టు కట్టించారు. స్టీఫెన్ పెద్దపల్లి నుంచి నేరుగా అక్కడికే వచ్చాడు. ఎట్లా పడ్డావని డాక్టరు మమతని అడిగితే, గుర్రం బెదిరింది సార్ అని స్టీఫెన్ చెప్పాడు. పిల్ల పడ్డప్పుడు అతను ఉన్నాడా, చూశాడా అని అక్కడెవరికీ తోచలేదు. మమత ఒకసారి నోరు తెరిచి, నానమ్మ ఏడుస్తుండటం చూసి మళ్ళీ మూసుకుంది.

ఇంటికొచ్చాక తీర్పు జరిగింది. హాస్టల్ వార్డెన్ మంచిదే, కానీ ఆమె భయం ఆమెది. పిల్లల్ని ఇంక పంపలేనని చెప్పింది. స్టీఫెన్ మొదట చమ్కీ పోవాలన్నాడు, తర్వాత మిగతా రెండు గుర్రాలూ పోవాలన్నాడు, చివరికి ఈ గుర్రాల బడే వద్దన్నాడు. తోమాసు జీవితమంతా బస్సు నడిపి అలసిన మనిషి. ఇంట్లో స్టీరింగు ఎప్పుడూ భార్య చేతిలోనే ఉంచాడు. ఇప్పుడూ ఆమె మొహమే చూశాడు. ఆ జాగా ఎలీసబెతు పేరు మీదిది. ఆమె మనవరాలి చేతి కట్టు కింద దిండు సర్దింది.

“నా జాగల గుర్రాలు వద్దు” అంది. “ముందు గా చమ్కీని పంపు. కన్న కడుపుకు తెలుస్తది నొప్పి. నీకేం తెల్వది మహిమా.”

పెళ్ళి కాలేదు కదా అని అనిపించుకోవడం మహిమకి కొత్త కాదు. అమ్మ నోటి నుంచి వినడం కొత్త.

“అవ్వా, నువ్వు ఎన్ని కాన్పులు చేసినవో నీకే యాదికి లేదు” అంది. “ఒక్క కాన్పు కష్టమైందని కాన్పుల గదికి తాళమేసినవా? ఏడ తప్పైందో చూసుకున్నవ్. మల్ల తెల్లారి డ్యూటీకి పోయినవ్. నాకు గూడ అంత మోక ఇయ్యి, నేను గూడ చూసుకుంట. చమ్కీ బెదిరిన గుర్రం కాదు. ఏదో అయ్యింది. అదేందో నాకు తెల్వాలె.”

“తెలుసుకునేలోపట ఇంకో పిల్ల పడితే?”

మహిమ తెలియనిది తెలిసినట్టు నటించే రకం కాదు. లేచి గుర్రాలకి నీళ్ళు పెట్టడానికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత తల్లీ కూతుళ్ళు ఒకే వంటింట్లో ఒకరి పక్క నుంచి ఒకరు తప్పుకుంటూ తిరిగారు. కూర వండితే ఉప్పు చూడమని అడిగే దిక్కు లేకపోయింది.

మమత మాత్రం కట్టు కట్టిన చేతిని మెడకి వేలాడదీసుకుని రోజూ చమ్కీ దగ్గరే ఉండేది. ఒకసారి ఎలీసబెతు నీళ్ళ తొట్టి దగ్గరికి వెళ్తూ చూసింది. పిల్ల గుర్రం మెడకి మొహం ఆనించి పెదవులు కదుపుతోంది. ఏదో చెప్తోంది, ఒక అడుగు వేస్తోంది, మళ్ళీ ఏదో చెప్తోంది. పాపం ప్రార్థన చేసుకుంటోందనుకుని ఎలీసబెతు చప్పుడు కాకుండా వెనక్కి వచ్చేసింది. అందరితో మూగబోయిన పిల్ల గుర్రంతోనైనా మాట్లాడుతోంది, ఆ గుర్రాన్నే పంపేస్తున్నామే అనుకుంది. కానీ అన్న మాట వెనక్కి తీసుకోవడం ఆమెకి ఎప్పుడూ అలవాటు లేదు.

చమ్కీని తీసుకుపోవడానికి కరీంనగర్‌లో బ్యాండు మేళం నడిపే దేవదాస్ వచ్చాడు. పొద్దున్నే డీసీఎం వ్యాను గేటు ముందు ఆగింది. దేవదాస్ మంచివాడే, గుర్రాల్ని కొట్టడని పేరుంది. మళ్ళీ పెళ్ళి ఊరేగింపులకే వాడతాడు. స్టీఫెన్ కూడా ముందు రోజే వచ్చాడు, కూతుర్ని తీసుకెళ్ళడానికి. హైదరాబాద్ హాస్టల్‌కి కావలసిన పెట్టె సర్ది పెట్టి ఉంది.

మహిమ పొద్దుటి నుంచి చమ్కీకి ఒళ్ళంతా బ్రష్షు పెట్టి, జూలు దువ్వి, గిట్టలు శుభ్రం చేసి, తాడు తెచ్చి దేవదాస్ చేతికిచ్చింది. ఏడవలేదు. ముందు కాళ్ళ కీళ్ళు నొప్పులు, ఎక్కువసేపు నిలబెట్టకు అన్నా అని మాత్రం చెప్పింది. దేవదాస్ సరేనన్నాడు. తోమాసు కండువాతో మొహం తుడుచుకున్నాడు, చెమటకో దేనికో.

ఎలీసబెతు బెల్లం ముక్క తెచ్చింది. చేదో తీపో ఆ గుర్రం ఈ ఎండాకాలమంతా తన చేతి నుంచి తిన్నది. ఊరికే ఎట్లా పంపుతుంది? వ్యాను ఎక్కించే పలక దగ్గర ఉన్న చమ్కీ వైపు నడుస్తూ, “ఆగే చమ్కీ, జర ఆగే బిడ్డా” అంది.

చమ్కీ ఒక్కసారి ముందుకు దూకింది. దేవదాస్ తాడు పట్టుకుని రెండడుగులు దాని వెనక ఉరికాడు. స్టీఫెన్ తల్లిని పక్కకి లాగి, చూసినవా అవ్వా, మనిషిని చూస్తేనే మీదికొస్తది, దీనికి తలకాయ సక్కగ లేదు అన్నాడు.

“నానమ్మా, గా మాట అనకు.”

ఎవరన్నారో కాసేపు ఎవరికీ తెలియలేదు. ఆ ఇంట్లో ఆ గొంతు అంత గట్టిగా ఎవరూ విని ఎరగరు. మమత వరండాలోంచి దిగి వస్తోంది. కట్టున్న చేతిని రెండో చేత్తో పట్టుకుని, కింద చూడకుండా, నేరుగా నానమ్మ వైపే వస్తోంది.

“ఏ మాట బిడ్డా?” అంది ఎలీసబెతు.

“అదేం లేదవ్వా, పిల్ల పరేషాన్ల ఉన్నది” అని స్టీఫెన్ అందుకున్నాడు. “గుర్రం పోతున్నదని—”

“నిన్ను అడగలే” అంది ఎలీసబెతు. గొంతు పెంచలేదు. అందుకే స్టీఫెన్ ఠక్కున ఆగిపోయాడు. “దాన్ని అడిగిన. అది చెప్పనియ్యి.”

మమత చెప్పడానికి టైము పట్టింది. పెదవులు తడుపుకుంది. ఒకసారి మొదలుపెట్టి ఆపేసింది. స్టీఫెన్ మెడ నరాలు కదిలాయి కానీ తల్లి కళ్ళు అతని మీదే ఉన్నాయి. మహిమ చమ్కీ మెడ మీద చెయ్యి వేసి నిలబడి ఉంది.

“ఆగే అనకు నానమ్మా. చమ్కీ బరాత్ల నడిచిన గుర్రం. ఆడ దాన్ని నడిపినోళ్ళంత ఉర్దూల మాట్లాడేటోళ్ళు. ఆళ్ళకు ఆగే అంటే ముందుకు నడువుమని. మనకు ఆగే అంటే నిలబడుమని.” ఊపిరి తీసుకుంది. “ఆ రోజు నేను వంగిన గంతే, పడలే. నువ్వు ఆగే అన్నవ్, అది ఉరికింది. మల్ల అన్నవ్, మల్ల ఉరికింది. అందరు అరిచిండ్రు. అది బెదరలే నానమ్మా. నీ మాటే ఇన్నది.”

దేవదాస్ మొదట నవ్వబోయాడు, ఎలీసబెతు మొహం చూసి నవ్వు మింగేశాడు. మేము గట్లనే అంటం సిస్టరమ్మా, బరాత్ ముందుకు పోవాల్నంటే ఆగే ఆగే అనే అంటం, అన్నాడు నెమ్మదిగా. మహిమ నుదురు కొట్టుకుంది. తను హైదరాబాద్‌లో నేర్చుకున్న పద్ధతిలో నాలుకతో చప్పుడు చేసి, తాడుతో చెప్పి నడిపిస్తుంది. ఒక్కనాడూ ఆగే అనలేదు. రాజుకీ బుల్లెట్‌కీ ఆ మాటతో పనే లేదు, అవి విన్నా పట్టించుకోవు. అమ్మ అరుపుల్ని ఇంట్లో అందరిలాగే తను కూడా వినడం మానేసింది. అందుకే అమ్మ ఏమని అరుస్తోందో ఎప్పుడూ చెవిన పడలేదు.

స్టీఫెన్ అంత తేలిగ్గా నమ్మలేదు. ఒక్క మాటకి గుర్రం ఉరుకుతదా అన్నాడు. మమత దేవదాస్ దగ్గరికి వెళ్ళి చెయ్యి చాపింది. అతను తాడు ఇచ్చాడు. కట్టు లేని చేతిలో తాడు వదులుగా పట్టుకుని, చమ్కీ వైపు చూడకుండా, పక్కనున్న మనిషికి చెప్పినట్టు “ఆగే” అంది. చమ్కీ అడుగు వేసింది. మమత పక్కనే నడిచింది. “ఠైర్” అంది. చమ్కీ ఆగింది. మళ్ళీ నడిపింది, మళ్ళీ ఆపింది. తాడు ఒక్కసారి కూడా బిగుసుకోలేదు. అంత పెద్ద జంతువు అంత చిన్న గొంతు కోసం చెవులు రిక్కించి నడుస్తోంది.

ఎలీసబెతు వెళ్ళి మెట్టు మీద కూర్చుంది. వీపు మీద పిల్లని పెట్టుకుని, ముందుకు పో ముందుకు పో అని ఊరంతా కేకలు వేస్తుంటే ఆ మూగజీవం ఏం చేస్తుంది? వెళ్ళింది. తన మనవరాలి చెయ్యి విరిచింది చమ్కీ కాదు, తన నోరు. పైగా ఆ నోటితోనే దాన్ని పంపేయమంది. ఆ నోటితోనే కన్న కూతుర్ని నీకేం తెల్వదంది. కొంగు కళ్ళకి అడ్డం పెట్టుకున్నా నీళ్ళు ఆగలేదు.

“ఇన్ని దినాలు ఎందుకు చెప్పలేదు బిడ్డా?” అని స్టీఫెన్ అడిగాడు. ఈసారి గొంతులో గదమాయింపు లేదు.

“మొదలు నాకు గూడ మంచిగ తెల్వదు డాడీ. బళ్ళె ఉర్దూ పిల్లలు ముందుకు పొమ్మనేందుకు ఆగే అంటరు, ఆగమనేందుకు ఠైర్ అంటరు, గది యాదికొచ్చి రోజు మెల్లగ అనుకుంట చూసిన. తెలిసినంక...” మమత నానమ్మ వైపు చూసింది. “తన వల్లనే నేను పడ్డనని తెలిస్తే నానమ్మ ఏడుస్తదని చెప్పలే. కానీ చమ్కీ ఏం తప్పు చేయకుంటనే పోతున్నది. గది చూసుకుంట ఊకుండలేకపోయిన.”

ఎలీసబెతు జీవితంలో చాలా పసిగొంతుల మొదటి ఏడుపు విన్నది. ఏ గొంతూ ఆమెని ఇట్లా కదిలించలేదు. పదిహేనేళ్ళ పిల్ల తన నొప్పి దాచుకుని, నానమ్మ నొప్పి ఎంతో, మూగజీవం నొప్పి ఎంతో తూచి చూసింది. చెప్పకూడని రోజుల్లో ఓర్చుకుంది, చెప్పాల్సిన క్షణంలో ఇంతమంది పెద్దవాళ్ళ మధ్య నిలబడి చెప్పింది. ఈ పిల్లకా మాట రాదన్నాం, అనుకుంది.

లేచి మహిమ దగ్గరికి వెళ్ళింది. క్షమించమనడం ఆమెకి చేతకాదు, ఎప్పుడూ నేర్చుకోలేదు. కూతురి చేతిలోని బ్రష్షు తీసుకుని, చమ్కీ మెడ మీద అప్పటికే నున్నగా ఉన్న చోటే మళ్ళీ రుద్దింది.

“పిల్లను ఎంత మంచిగ తయారు చేసినవ్ మహిమా” అంది. “నేను కాన్పులే చేసిన. కన్నంక వాళ్ళను నిలబెట్టే పని నువ్వు చేస్తున్నవ్. జాగ నీది. నోరొక్కటి నాది, దాన్ని కట్టేసుకుంట.”

మహిమ తల్లి భుజం మీద తల వాల్చి, పొద్దుటి నుంచి ఆపుకున్న ఏడుపంతా ఏడ్చింది. తోమాసు దేవదాస్‌ని చాయ తాగి పొమ్మని లోపలికి తీసుకెళ్ళాడు. ఖాళీ వ్యానుతో తిరిగి వెళ్ళాల్సి వచ్చినందుకు దేవదాస్ ఏమీ నొచ్చుకోలేదు. తోమాసు చక్కెర రెండుసార్లు వేసిన చాయని కూడా నొచ్చుకోకుండా తాగాడు.

స్టీఫెన్ వాకిట్లోనే నిలబడి ఉన్నాడు. కూతురు ఒంటి చేత్తో ఆ తెల్లగుర్రాన్ని జాగాలోకి నడిపించుకుని పోవడం, కంచె తలుపు భుజంతో తోయడం, తాడు విప్పి వదిలేయడం కళ్ళు ఆర్పకుండా చూశాడు. తను పుట్టించిన పిల్లే. నడక మాత్రం తను ఎప్పుడూ చూడనిది. పెట్టె సర్ది ఉంది, సీటు ఖాయమై ఉంది. వాటి గురించి ఆ పిల్లని ఒక్క మాట అడగలేదని అప్పుడు గుర్తొచ్చింది. మెల్లగా కంచె దగ్గరికి వెళ్ళాడు.

“నీకేం చేయాల్నని ఉన్నది బిడ్డా?” అన్నాడు.

మమత వెంటనే చెప్పలేదు. చమ్కీ ఒంటి మీది దుమ్ము చేతికి అంటితే బట్టలకి తుడుచుకుంది. ఆలోచించింది. బ్రష్షు పట్టుకుని నిలబడ్డ ఎలీసబెతుకి ప్రాణం గిలగిల్లాడింది. ఇక్కడే చదువుతానను, చెప్పు బిడ్డా, అని నాలుక చివర దాకా వచ్చింది. కొంగు చుట్టి నోట్లో కుక్కుకుంది. స్టీఫెన్ రెండు చేతులూ కంచె కర్ర మీద పెట్టి, కూతురి మొహం చూస్తూ నిలబడ్డాడు. పుట్టి బుద్ధెరిగాక అతను ఆ పిల్ల జవాబు కోసం అంతసేపు ఎదురుచూడటం అదే మొదలు.

“ఇంటర్ ఈడనే చదువుత డాడీ” అంది మమత. “హైదరాబాద్ పోను. చదువు మంచిగనే చదువుత, నువ్వు ఫికర్ చేయకు. హాస్టల్ పిల్లలను మల్ల రమ్మనాలె. ఏమైందో వార్డెన్ మేడమ్‌కు నేనే పోయి చెప్త. చెయ్యి మానినంక చమ్కీని మల్ల ఎక్కుత.” అంతటితో అయిపోయిందనుకున్నారు. కాలేదు. “నువ్వు గూడ ఐతారం ఐతారం రా. నీకు తాడు పట్టుకునుడు నేను నేర్పుత.”

స్టీఫెన్ నవ్వబోయాడు. నవ్వు బదులు కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. తల ఊపాడు, చాలాసేపు ఊపుతూనే ఉన్నాడు. సరే అనడానికి అతనికి ఆ క్షణాన మాట దొరకలేదు.

వ్యాను వెళ్ళిపోయిన చప్పుడు విని పోశవ్వ గోడ మీదుగా తల పైకెత్తింది. గుర్రం పోలేదా, ఏమైంది సిస్టరమ్మా, ఎవరు ఆపిండ్రు అని అడిగింది. వీధంతా వినేలా చెప్పగల మనిషి ఎలీసబెతు. చెప్పడానికి ఆమె దగ్గర అప్పుడు ఉన్నంత కథ ఎప్పుడూ లేదు. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, కంచె అవతల తండ్రికి ఏదో వివరంగా చెప్తున్న మనవరాలి వైపు చెయ్యి చూపించింది.

“దాన్నే అడుగు పోశవ్వా” అంది తగ్గు గొంతుతో. “అది మంచిగ చెప్తది.”